మా ఆయన ఫౌజీ, సెలవు మీద ఇంట్లో ఉన్నాడు. నిద్ర లేదు, మాట లేదు, కాగితాలన్నీ సర్ది నా చేతికిచ్చాడు. ఏం చేయాలి?

దేవరకొండ ఆడబిడ్డ:

నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. మా ఆయన ఆర్మీలో నాయక్. సర్వీసు పదమూడేళ్ళు నిండింది, ఇంకో రెండేళ్ళు చేస్తే పింఛను వస్తుంది. అరవై రోజుల సెలవు మీద వచ్చాడు, ఇంకా ఇరవై మూడు రోజులు ఉంది. ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. ఊళ్ళో ఒక్కరి చెవిన వేస్తే తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది.

పోయిన ఏడాది దాకా కాశ్మీర్లో రాష్ట్రీయ రైఫిల్స్‌లో ఉన్నాడు. అక్కడ ఆయనతో పాటు ఉండే ఒకతను చనిపోయాడని ఫోన్లో ఒక్క మాట చెప్పాడు. ఎట్ల జరిగిందని అడిగితే "అది వదిలెయ్" అన్నాడు. నేను కూడా వదిలేశాను.

ఈసారి వచ్చిన మనిషి వేరు. రాత్రి రెండున్నర, మూడింటికి లేస్తాడు. ముందు దర్వాజ గొళ్ళెం చూస్తాడు, వెనక తలుపు చూస్తాడు, పిల్లల మంచం దగ్గర కాసేపు నిలబడతాడు, మళ్ళీ ముందు దర్వాజ దగ్గరికి వస్తాడు. నాకు మెలకువ వచ్చినా కళ్ళు మూసుకునే ఉంటాను. నేను చూశానని తెలిస్తే చిన్నతనంగా అనుకుంటాడేమోనని. మాఘమాసం, ఊరి నిండా పెళ్ళిళ్ళు. బరాత్ మా వాకిలి ముందు నుంచి పోతుంటే, డీజే చప్పుడుకు లోపలి అర్రలోకి పోయి గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు. ఇదివరకు ఆ బరాత్‌లో ముందు నిలబడి ఆడేది ఈయనే.

పోయిన బుధవారం మా పాపను తీసుకుని బత్తాయి తోటకు పోయాడు. పాప ఎనిమిదో తరగతి. బోరు స్టార్టర్ దగ్గర ఉన్నారట, పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజు ఢామ్మని కొట్టేసింది. ఆ చప్పుడుకు ఈయన పాపను కింద పడేసి, తల మట్టిలో అదిమి, మీద పడుకున్నాడు. పాప ఊపిరాడక ఏడ్చింది. చాలాసేపటికి లేచాడట. పైపు దగ్గర కూర్చోబెట్టి తానే పాప ముఖం కడిగాడు, ముక్కులో పోయిన మట్టి తుడిచాడు. ఇంటికొచ్చాక రెండు రోజులు పాప ముఖం చూడలేదు. పాప నాతో "అమ్మా, నాన్న చేతులు వణుకుతున్నయి" అని మాత్రం చెప్పింది.

నిన్న రాత్రి జరిగింది వేరు, అందుకే రాస్తున్నాను. మంచం మీద నీలం రంగు ప్లాస్టిక్ ఫైలు పెట్టి నన్ను పిలిచాడు. గ్రూప్ ఇన్సూరెన్స్ కాగితం, బ్యాంకు పాసుబుక్కు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, ఒక్కోదానికి గుండుసూదితో చీటీ గుచ్చి, ఎక్కడ ఇవ్వాలో రాసిపెట్టాడు. "పార్ట్ టూ ఆర్డర్‌లో (కుటుంబం వివరాలు ఎక్కించే ఆర్మీ రికార్డు) నీ పేరు, ఆధార్‌లో నీ పేరు ఒకటే ఉన్నయా చూసుకో, లేకపోతే తర్వాత తిప్పుతరు" అన్నాడు. తర్వాత అంటే ఎప్పుడని నేను అడగలేదు. చేతి గడియారం మొన్ననే మా ఆడపడుచు కొడుక్కి ఇచ్చేశాడు.

అత్తమ్మ గాలి సోకిందంటోంది, అమావాస్యకు చెరువుగట్టు స్వామి గుడికి తీసుకుపోయి నిద్ర చేయిద్దామంటోంది. నాకు ఆ స్వామి మీద భక్తి ఉంది. కానీ ఇది అంతటితో పోయేదిలా అనిపించడం లేదు. డాక్టరుకు చూపిస్తే మెంటల్ అని రాస్తారు, ఇంటికి పంపిస్తారు, పింఛను రాదని ఆయన భయం. ఒకసారి అన్నాడు కూడా. ఆయన ఉద్యోగం పోకుండా, ఆయన పోకుండా, నేను ఏం చేయాలి? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

పంటపొలం:

అక్కా, తొందరపడి డాక్టర్ల దగ్గరికి పోకండి. యూనిట్‌కు తెలిస్తే రికార్డులో పడుతుంది, రెండేళ్ళు ఓపిక పడితే పింఛను వస్తుంది. మా మేనమామ కూడా ఫౌజీయే, వచ్చిన కొత్తలో ఇట్లనే ఉండేవాడు, తర్వాత సర్దుకున్నాడు. ప్రాణాయామం చేయించండి, తోట పనిలో పెట్టండి.

మాజీ సుబేదార్, మిర్యాలగూడ:

చెల్లెమ్మా, పైన తమ్ముడు మంచి మనసుతోనే రాశాడు. కానీ నువ్వు ఆ మాట వినకు. కాగితాలు సర్ది చేతికిచ్చాడు, గడియారం ఇచ్చేశాడు అని రాశావు. ఈ రెండూ చదివాక నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. ఆ ఫైలు నేనూ ఒకప్పుడు సర్దాను.

నేను 1996లో భర్తీ అయ్యాను. పూంఛ్ సెక్టార్లో ఉండగా నా బడ్డీ ఐఈడీలో, అంటే పాతిపెట్టిన బాంబు పేలి, పోయాడు. బడ్డీ అంటే మామూలు స్నేహితుడు కాదమ్మా. ఆర్మీలో ఇద్దరిద్దరిని జత కడతారు. నేను పడుకుంటే అతను కాపలా, అతను తింటే నేను కాపలా. నాకు దెబ్బ కూడా తగలలేదు. యూనిఫాం మీద మాత్రం మరకలు పడ్డాయి, వాటిని మూడుసార్లు ఉతికాను. ఆ తర్వాత సెలవుకొచ్చి మా ఊళ్ళో రైస్ మిల్లు సైరన్ మోగినప్పుడల్లా నా చేయి భుజం మీద రైఫిల్ కోసం వెతికేది. క్యాంటీన్ రమ్ము రోజూ సగం సీసా. అందరూ "తాగుబోతు అయిండు" అనుకున్నారు. తాగితేనే నాలుగు గంటలు నిద్ర పడుతుందని ఎవరికి చెప్పాలి?

నన్ను కాపాడింది మా ఆవిడ. ఆమె చదివింది అయిదో తరగతి. ఒక రాత్రి వాకిట్లో నా పక్కన కూర్చుని, "నీకు చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అని అడిగింది. అట్లనే, ఆ మాటలతోనే. అంతకుముందు మా అన్న అడిగాడు, "పిచ్చి పిచ్చి ఆలోచనలు ఏం లేవు కదా?" అని. దానికి ఏ మగాడైనా ఏమంటాడు? "ఏం లేవు" అంటాడు. ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. మా ఆవిడ అడిగినదానికి అబద్ధం చెప్పే సందు లేదు. నేను అవునన్నాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు, పిల్లల మీద ఒట్టు వేయించుకోలేదు. "సరే, తెల్లారేదాకా నేను ఇక్కడే కూసుంట" అంది.

అందుకే చెప్తున్నా, ఈ రాత్రే అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని భయపడకు. ఆ ఆలోచన ఉన్నవాడికి, ఎవరో ఒకరు పేరు పెట్టి పలికినందుకు గుండె మీద రాయి దిగినట్టు ఉంటుంది. నేను అనుభవించి చెప్తున్నాను.

ఇక ఉద్యోగం సంగతి. నా విషయంలో జరిగింది జరిగినట్టు చెప్తాను. మా సుబేదార్ మేజర్ సాబ్‌కు మా ఆవిడే ఫోన్ చేసింది. కమాండింగ్ ఆఫీసర్ ఒక ఫారం రాసి పంపారు, దాన్ని ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10 అంటారు. ఈ జవాను ఇదివరకు ఎట్లా పనిచేసేవాడు, ఇప్పుడు ఎట్లా ఉన్నాడు అని అందులో రాస్తారు. మిలిటరీ హాస్పిటల్ సైకియాట్రీ వార్డులో ఆరు వారాలు ఉన్నాను. మొదటి రోజు బెల్టు, బూటు లేసులు తీసేసుకున్నారు, అప్పుడు సిగ్గేసింది. పదో రోజుకు రాత్రి అయిదు గంటలు నిద్రపోయాను, మందు చుక్క లేకుండా.

తర్వాత 'లో', అంటే తక్కువ, మెడికల్ కేటగిరీ ఇచ్చారు. మన ఆర్మీలో ఫిట్‌నెస్‌ను షేప్ అని కొలుస్తారు, అందులో మొదటి అక్షరం ఎస్ మనసుకు సంబంధించినది. అది తగ్గిస్తారు, తాత్కాలికంగా, 24 వారాలకు. మళ్ళీ బోర్డులో చూస్తారు. బాగుంటే పెంచుతారు. ఆ కాలంలో ఆయుధం ఇవ్వరు. నన్ను లంగర్ (వంటశాల) స్టోరులో ఆటా బస్తాలు లెక్కపెట్టే పనిలో పెట్టారు. పొద్దున రోల్ కాల్‌లో అందరి భుజాన రైఫిలు, నా చేతిలో రిజిస్టరు. అది కష్టమే, అబద్ధం చెప్పను. కానీ మొదట్లో మూతి తిప్పుకున్నవాళ్ళే తర్వాత ఒక్కొక్కరు స్టోరులోకి వచ్చి, తలుపు దగ్గరకు వేసి, "భాయీ, డాక్టరు ఏం అడుగుతాడు?" అని అడిగారు. మొత్తం ఏడుగురు. రెండేళ్ళలో నా కేటగిరీ మళ్ళీ ఎస్-1కు, అంటే పూర్తి ఫిట్‌కు, వచ్చింది. హవల్దార్ ప్రమోషన్ ఏడాదిన్నర ఆలస్యమైంది. సుబేదార్‌గా రిటైరయ్యాను.

పింఛను గురించి బావకు ఒక మాట చెప్పు. వైద్యానికి పోయిన ప్రతివాడినీ ఇంటికి పంపరు. ఒకవేళ మెడికల్ బోర్డు మీద పంపాల్సి వచ్చినా, పదేళ్ళు దాటిన సర్వీసుకు ఇన్‌వాలిడ్ పింఛను ఉంది. సర్వీసు వల్ల వచ్చిందని తేలితే డిజెబిలిటీ భాగం అదనం. భర్తీ అయినప్పుడు కాగితాల్లో లేని జబ్బు తర్వాత వస్తే, దానికి సర్వీసుతో సంబంధం ఉందనే ముందు అనుకోవాలని సుప్రీంకోర్టు 2013లో ధరంవీర్ సింగ్ కేసులో చెప్పింది. ఇవన్నీ తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. మనిషి ఉంటే కాగితాలు ఎప్పుడైనా తిప్పుకోవచ్చు.

ఇంకొకటి, ఇది మరచిపోకు. మీకు పత్తి చేను ఉంటే ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటాయి. ఇవాళే, ఆయన చూడకుండా కాదు, ఆయనకు చెప్పే, దూరంగా ఎవరింటికైనా పంపించి తాళం వేయించు. నేను రిటైరయ్యాక బ్యాంకులో గార్డుగా చేరాను, సొంత డబుల్ బ్యారెల్ తుపాకీతో. మొదటి ఏడాది పాత కలలు తిరిగొచ్చాయి. నేనే పోయి పోలీసు స్టేషన్లో తుపాకీ అప్పగించి రసీదు తీసుకున్నాను, ఆరు నెలలు కర్రతో డ్యూటీ చేసే చోటికి మారాను. జీతం తగ్గింది. ఆ మనసు వచ్చే క్షణం ఎక్కువసేపు ఉండదమ్మా. ఆ కాసేపు చేతికి ఏదీ అందకుండా ఉండాలి.

నా నంబరు నీకు విడిగా మెసేజ్ పెట్టాను. ఏ రాత్రైనా సరే చెయ్యి.

పాలమూరు సైకియాట్రిస్టు:

అమ్మా, నేను మహబూబ్‌నగర్ జిల్లాలో మానసిక వైద్యుణ్ణి. మనిషిని చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయకూడదు. అయినా మీరు రాసినవి, అంటే చప్పుడుకు ఒళ్ళు దానంతటదే స్పందించడం, రాత్రి కాపలా తిరగడం, ఆ విషయం ఎత్తకపోవడం, పిల్లలకు దూరంగా జరగడం, ఇవన్నీ నెల దాటి ఉంటే పీటీఎస్‌డీ గురించి, అంటే ప్రాణం మీదికి వచ్చిన సంఘటన తర్వాత మనసుకు పట్టే జబ్బు గురించి, తప్పకుండా పరీక్షించాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో దీన్నే షెల్ షాక్ అన్నారు. అప్పట్లో చాలామంది దాన్ని పిరికితనం అనుకున్నారు. 1980లో అమెరికా మనోవైద్యుల జాబితాలో ఇప్పటి పేరుతో చేరింది.

తోటలో జరిగింది మీ పాపకు ఇలా చెప్పండి: "నాన్న నిన్ను కొట్టలేదు, కాపాడాడు. నాన్న ఒంటికి ఇంకా అక్కడే ఉన్నట్టు అనిపిస్తోంది, దానికి మందు ఉంది." మెదడులో ప్రమాదం పసిగట్టే భాగం ఉంటుంది. అక్కడ అది నిమిషం ఆలస్యం చేస్తే ప్రాణం పోయేది. ఇంటికొచ్చినా ఆ భాగానికి డ్యూటీ దిగమని ఎవరూ చెప్పలేదు. ఆయన పిరికివాడు కాదు, పిచ్చివాడు కాదు.

వైద్యం రెండు రకాలు, చాలాసార్లు రెండూ కలిపి చేస్తాం. ఒకటి మాటలతో. శిక్షణ ఉన్నవాళ్ళు ఆ సంఘటనను కొంచెం కొంచెంగా, భద్రంగా, మళ్ళీ మళ్ళీ చెప్పిస్తారు. కళ్ళ కదలికలతో చేసే ఈఎండీఆర్ అనే పద్ధతి కూడా ఉంది. ఇవి వారానికి ఒకటి రెండుసార్లు, కొన్ని నెలలు పడుతుంది. రెండోది మాత్రలు, సెర్ట్రలీన్ లాంటివి. వీటి గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలోనే "ఏం పనిచేయడం లేదు" అని మానేసేవాళ్ళు ఉంటారు. ఆ మొదటి రోజుల్లో కడుపులో తిప్పడం, కొంచెం అలజడి ఉండొచ్చు, అప్పుడే మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. మాత్రలు మీ దగ్గరే ఉంచుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వండి.

మన జిల్లాల్లో ఉండి ఒక విషయం చెప్పకుండా ఉండలేను. నిద్ర పట్టడం లేదంటే ఊరి మెడికల్ షాపులోనో, ఆర్ఎంపీ దగ్గరో అల్ప్రాజోలం ఇస్తారు. దయచేసి వద్దు. పీటీఎస్‌డీకి అది మందు కాదు, త్వరగా అలవాటు పడుతుంది. కల్లు తాగే అలవాటు ఉందేమో కూడా నిజాయితీగా డాక్టరుకు చెప్పండి. కల్తీ కల్లులో కలిపేది ఇలాంటి మత్తు మందులే. 2015లో కల్తీ కల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయినప్పుడు తెలంగాణ జిల్లాల నుంచి ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో ఎంతమంది ఎర్రగడ్డ ఆసుపత్రికి చేరారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాబట్టి కల్లైనా, రమ్మైనా ఒక్క రోజులో మాన్పించకండి, డాక్టరు చూపులోనే తగ్గించాలి.

ఇప్పుడే చేయగలిగింది ఒక ఫోను. 14416 టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ 10న మొదలైంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. సైనికులకూ వాళ్ళ కుటుంబాలకూ పూణే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో 2023 డిసెంబర్ నుంచి ప్రత్యేక విభాగం కూడా ఉంది. సెలవులో ఉన్న జవాను దగ్గర్లోని మిలిటరీ హాస్పిటల్‌లో చూపించుకోవచ్చు. మీకు సికింద్రాబాద్ తిరుమలగిరిలోది. ఐ-కార్డు, లీవ్ సర్టిఫికెట్ వెంట ఉంచుకోండి. మధ్యలో పరిస్థితి చేయి దాటుతుందనిపిస్తే ఆ దూరం వద్దు, నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకుపోండి. పోలీసు కేసు అవుతుందని భయం వద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు.

మీ అత్తమ్మతో వాదించకండి. చెరువుగట్టు స్వామి దగ్గరికీ పోవచ్చు, డాక్టరు దగ్గరికీ పోవచ్చు. ఏది ముందు అన్నదే ముఖ్యం. అమావాస్య దాకా ఆగకండి.

సీఆర్పీఎఫ్ జవాను, కల్వకుర్తి:

మా ఫోర్సు వాళ్ళు ఎవరైనా చదువుతుంటే అని రాస్తున్నా. మేం హోం శాఖ కింద ఉంటాం కాబట్టి మిలిటరీ హాస్పిటల్ దారి మాది కాదు. మాకు ఫోర్సు సొంత కాంపోజిట్ ఆసుపత్రులు, ఆయుష్మాన్ సీఏపీఎఫ్ కార్డు ఉన్నాయి. 14416 అందరిదీ.

నాదైతే అడవి గురించి బాధ కాదు. ఇంటి దగ్గర మా పాలోళ్ళతో పొలం గెట్టు (హద్దు) పంచాయితీ. పాసుబుక్కులో ఎకరం తక్కువ పడింది, నాన్న ఒక్కడే ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు, నేను రెండు వేల కిలోమీటర్ల దూరంలో చెట్టు కింద కూర్చుని ఫోన్లో వింటున్నా. సెలవు అడిగితే మనుషులు తక్కువ ఉన్నారన్నారు. రాత్రి సెంట్రీ కాపలాలో ఒక్కడినే ఉన్నప్పుడు బుర్ర ఎటెటో పోయేది. మా కంపెనీ హవల్దార్ కనిపెట్టి నాతో జత సెంట్రీ వేయించాడు, కమాండెంట్‌తో జిల్లా కలెక్టర్‌కు ఉత్తరం రాయించాడు. గెట్టు ఇంకా తేలలేదు. కానీ ఆ ఉత్తరం పోయిన రోజు నేను అన్నం తిన్నాను. ఆర్మీ వాళ్ళకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటుంది, ఇలాంటి పంచాయితీలు అక్కడ చెప్పుకోవచ్చు అక్కా.

నకిరేకల్:

నేను ఎక్కువ రాయలేను. మా తమ్ముడు కూడా ఆర్మీయే. చివరిసారి సెలవుకొచ్చినప్పుడు చాలా ప్రశాంతంగా ఉన్నాడు. అంతకుముందు నెలంతా కోపం, అరుపులు. ఆ వారం మాత్రం అందరితో నవ్వుతూ మాట్లాడాడు, బాకీలు తీర్చాడు, అమ్మకు చీర కొన్నాడు. బాగైపోయాడనుకుని మేం సంబరపడ్డాం. రైలెక్కించి వచ్చాం. అదే ఆఖరు.

అక్కా, ఆయన ఉన్నట్టుండి నెమ్మదించినా నమ్మకు. ఒంటరిగా రైలెక్కించకు.

దేవరకొండ ఆడబిడ్డ:

అందరికీ దండం. నాలుగు రోజులుగా రాయలేకపోయాను.

ఆ రాత్రే అడిగాను. మూడింటికి ఆయన లేచినప్పుడు ఈసారి నేనూ లేచాను. ముందు దర్వాజ దగ్గర ఆయన గొళ్ళెం మీద చెయ్యి వేసి ఉన్నాడు. పక్కన నిలబడి, సుబేదార్ అన్న చెప్పిన మాటలతోనే అడిగాను. నోరు ఎండిపోయింది, రెండోసారి అనాల్సి వచ్చింది. ఆయన గొళ్ళెం వదల్లేదు. చాలాసేపటికి తల ఊపాడు. నేను అక్కడే గడప మీద కూర్చున్నాను. ఆయన కూడా కూర్చున్నాడు.

తెల్లారేదాకా చెప్పాడు. ఆ రోజు పెట్రోలింగ్ డ్యూటీ ఈయనది. జ్వరం నూట మూడు ఉంటే, అతను "నువ్వు పడుకో, నేను పోతా" అని ఈయన బదులు పోయాడట. పోయేముందు ఈయన ఫ్లాస్కులో చాయ్ పోసుకుని, మూత మరచిపోయి పోయాడట. ఆ మూత ఈయన బ్యాగులో ఉంది. తీసి చూపించాడు. నెలన్నర నుంచి ఆ బ్యాగు నేను మంచం కింద ఊడుస్తూ పక్కకు జరుపుతూనే ఉన్నాను. "నేను పోవాల్సింది" అన్నాడు. నేను "జ్వరం నువ్వు తెచ్చుకోలేదు" అన్నాను. అంతకంటే ఏం అనాలో తెలియలేదు.

తెల్లారి పురుగుమందు డబ్బాలు ఆయనే మోపెడ్ మీద మా తమ్ముడి ఊరికి తీసుకుపోతానంటే, వద్దని తమ్ముణ్ణే పిలిపించాను. ఇంట్లో అందరి చెవులూ ఉంటాయని బత్తాయి తోటలోకి పోయి 14416కు ఫోన్ చేశాం. ఒకామె ఎత్తింది. ముందు నాతో మాట్లాడి, తర్వాత ఫోన్ ఆయనకు ఇవ్వమంది. ఆయన చెట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ముప్పావు గంట మాట్లాడాడు. నేను గట్టు మీద కూర్చున్నాను.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా పోయాం. బస్సులో ఆయన కిటికీ వైపు కూర్చోలేదు. తిరుమలగిరి గేటు దగ్గర సుబేదార్ అన్న మాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ఛాతీకి మెడల్స్ పెట్టుకుని. ఆయన్ని చూసి మా ఆయన నిటారుగా నిలబడి "జైహింద్ సాబ్" అన్నాడు. వచ్చిన దగ్గర నుంచి అంత గట్టి గొంతు వినడం అదే మొదటిసారి.

నీలం ఫైలు ఈసారి కూడా ఆయన చేతిలోనే ఉంది, పైన లీవ్ సర్టిఫికెట్, ఐ-కార్డు పెట్టుకుని. డాక్టరు గంటకు పైగా లోపల కూర్చోబెట్టుకుని మాట్లాడారు, తర్వాత నన్ను పిలిచారు. అడ్మిట్ చేసుకున్నారు. యూనిట్‌కు వాళ్ళే తెలియజేస్తామన్నారు. కేటగిరీ సంగతి ఇప్పుడేం చెప్పలేమన్నారు. ఆయనకు టెన్షన్ ఉంది, నాకూ ఉంది. లేసులు తీసేటప్పుడు మా ఆయన ముఖం చూడలేక నేను పక్కకు తిరిగాను. సుబేదార్ అన్న మాత్రం వంగి తానే విప్పి, చుట్టచుట్టి, జేబులో పెట్టుకుని "ఇవి నా దగ్గర ఉంటయి బావా, నువ్వు బయటికొచ్చే రోజు నేనే కడత" అన్నాడు.

అత్తమ్మకు నిజం చెప్పాను. కాసేపు ఏడ్చింది. గట్టుకు తానొక్కతే పోయి మొక్కుకుని వస్తానంది.

నిన్న వార్డు నుంచి ఫోన్ చేశాడు. రాత్రి ఎంతసేపు పడుకున్నావంటే, మూడింటికి మెలకువ వచ్చిందట, కానీ నర్సింగ్ వాళ్ళు తలుపు దగ్గర కూర్చుని ఉన్నారని మళ్ళీ పడుకున్నాడట. ఆదివారం పాపను తీసుకురమ్మన్నాడు. తోటలో జరిగింది తానే చెప్పాలట పాపతో.

మాజీ సుబేదార్, మిర్యాలగూడ:

చెల్లెమ్మా, ఆదివారం విజిటింగ్ టైము ఒకసారి వార్డుకు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరు. గేటు దగ్గర నీ ఆధార్, పాపది డిపెండెంట్ కార్డు చూపించాలి. గాజు సీసాలు, స్టీలు చాకు లాంటివి లోపలికి రానివ్వరు, పండ్లు ఇంట్లోనే ఒలిచి డబ్బాలో పెట్టుకో. ఆ ఫ్లాస్కు మూత సంగతి డాక్టరుకు చెప్పమని బావకు చెప్పు. వీలైతే మూత కూడా తీసుకుపో. నాకు అయితే నా బడ్డీ బీడీ డబ్బా బల్ల మీద పెట్టాకే మాట వచ్చింది.